గురిగింజెత్తు బంగారం వినిపిస్తుందా?

కొత్త మెటల్ డిటెక్టర్ చేతికొచ్చిన బంగారు వేటగాడు మొట్టమొదట చేసే పని ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. యంత్రాన్ని చెక్కబల్ల మీద పడుకోబెడతాడు. తన దగ్గరున్న బంగారు ముక్కల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని ప్లాస్టిక్ బిళ్ళకు అంటించి కాయిల్ (యంత్రపు తీగచుట్ట) ముందు అటూ ఇటూ ఆడిస్తాడు. కూత వినిపిస్తే మరో అంగుళం వెనక్కి జరుగుతాడు. కూత ఆగిన చోట స్కేలు పెట్టి కొలుస్తాడు. ఆ అంకెను నలుగురికీ చెప్పుకుంటాడు. దీన్నే గాలి పరీక్ష అంటారు. ఖర్చు లేనిది, సులువైనది, నమ్మించి మోసం చేసేది. గాలిలో బంగారం దొరకదు కదా!

అలాగని దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. మధ్యలో ఏ అడ్డూ లేనప్పుడు ఈ ముక్క ఉన్న సంగతి ఈ యంత్రానికి అసలు తెలుస్తుందా అన్న ప్రశ్నకు గాలి పరీక్ష సరైన జవాబే ఇస్తుంది. గాలిలోనే వినిపించనిది మట్టిలో వినిపించదు. గాలిలో వినిపించింది మట్టిలోనూ వినిపిస్తుందనుకోవడంతోనే చిక్కంతా మొదలవుతుంది. (ముక్కను ఊపే చేతికి ఉంగరం ఉంటే ఆ చిక్కు కూడా అక్కర్లేదు. పరీక్షకు నిలబడింది ఉంగరమే.)

ఇంత చిన్న ముక్కల కోసం ఎందుకింత తాపత్రయం? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1851లో అక్కడ బంగారం కోసం పరుగు మొదలైంది. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరు గనిపనివాళ్ళకు ఒక చెట్టు వేళ్ళ దగ్గర, నేలకు మూడు సెంటీమీటర్ల లోతులో బంగారు బండ తగిలింది. దానికి ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’ అని పేరు పెట్టారు. అందులో ఉన్న బంగారమే 70 కిలోల పైమాట. డునోలీ పట్టణంలో అంత బరువు తూచే త్రాసు లేక, కమ్మరి దాగలి మీద పెట్టి దాన్ని ముక్కలు కొట్టాల్సి వచ్చింది. 1980లో, ఆ చుట్టుపక్కలే ఉన్న కింగోవర్‌లో, ఒక మామూలు డిటెక్టర్ 27 కిలోల ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ను పట్టిచ్చింది. ఆ తరవాత ఆ నేలల మీద తిరగని యంత్రం లేదు. పైపైన ఉన్న పెద్ద ముక్కలను చాలావరకు ఏరుకున్నారు. మిగిలినవాటిలో కొన్ని బాగా లోతున దాగిన పెద్దవి. కొన్ని కాలి కిందే ఉన్నా పాత యంత్రాల చెవిన పడని చిన్నవి. ఈ అధ్యాయం ఆ చిన్నవాటి గురించి.

మన ప్రాంతంలో ఈ వేట ఎందుకు లేదని అడగవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరిలోనూ, కర్నూలు జిల్లా జొన్నగిరిలోనూ ఉన్న బంగారం ఎక్కువగా రాతిలో కంటికి ఆనని నలుసులుగా, టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున ఉంటుంది. రాతిని పిండి చేసి రసాయనాలతో తీయాల్సిందే, డిటెక్టర్‌కు అక్కడ పని లేదు. జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరికి జనం వెతికే వజ్రాలకైతే అది మరీ నిరుపయోగం. వజ్రంలో కరెంటు పారదు.

ఇప్పుడు ఒక పరీక్ష వస్తువు కావాలి. మన కంసాలులు ఒకప్పుడు బంగారాన్ని గురివింద గింజలతో తూచేవారు. గింజెత్తు అంటే సుమారు 0.12 గ్రాములు. నీటికన్నా 19.3 రెట్లు సాంద్రమైన లోహం కనుక, అంత బంగారాన్ని గుండ్రని పూసగా చేస్తే దాని అడ్డుకొలత 2.3 మిల్లీమీటర్లే వస్తుంది. నేటి మంచి యంత్రాలు ఇంతకన్నా చిన్నవాటినీ పడతాయి కానీ, లెక్క చూడడానికి ఈ పూస సరిపోతుంది.

డిటెక్టర్‌కు బంగారమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది లోహంలో తిరిగే కరెంటు ఒక్కటే. బంగారు వేటలో ఎక్కువగా వాడే పల్స్ రకం యంత్రం కాయిల్‌లోకి కరెంటు పంపి, హఠాత్తుగా కత్తిరించేస్తుంది. కరెంటు ఆగగానే కాయిల్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. మారే క్షేత్రం వాహకంలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. అలా పక్కనున్న బంగారంలో సుడి ప్రవాహాలు పుడతాయి. వాటికి సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అవి అణగారిపోతున్నంతసేపూ ఆ చిన్న క్షేత్రం మారుతూ, తిరిగి కాయిల్‌లో అతి స్వల్పమైన వోల్టేజీని కలిగిస్తుంది. దాన్నే పెంచి మన చెవికి కూతగా వినిపిస్తారు.

ఆ సుడులు ఎంతసేపు నిలుస్తాయన్నదే అసలు సంగతి. గుడిగంట కొడితే మోత చాలాసేపు సాగుతుంది. కాలిగజ్జెలోని మువ్వ చప్పుడు పుట్టీ పుట్టగానే పోతుంది. బంగారం గోళాకారంలో ఉంటే, సుడులు అణిగే కాలం దాని వ్యాసార్థపు వర్గాన్ని బట్టీ, వాహకతను బట్టీ ఉంటుంది. అడ్డుకొలత రెండు సెంటీమీటర్లున్న స్వచ్ఛమైన బంగారు గోళంలో ఆ కాలం సుమారు 500 మైక్రోసెకన్లు. మన గురిగింజెత్తు పూసలో ఏడే మైక్రోసెకన్లు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు.

ఏడు కూడా ఆశావాదపు లెక్కే. భూమిలో దొరికే బంగారం వన్నె తక్కువది, అందులో వెండి కలిసి ఉంటుంది. వెండి బంగారం కన్నా మంచి వాహకమే కనుక, కలిస్తే మేలేగా అనిపిస్తుంది. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. బంగారు పరమాణువుల వరసలో అక్కడక్కడా వెండి పరమాణువు చేరితే ఎలక్ట్రాన్ల దారి గతుకులవుతుంది. బరువులో పదో వంతు వెండి ఉన్న బంగారపు వాహకత, స్వచ్ఛమైన బంగారంలో సుమారు మూడో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన మన పూసలో సుడులు అణిగే కాలం రెండు మైక్రోసెకన్ల చిల్లర.

ఇప్పుడు యంత్రం వైపు నుంచి చూడండి. కరెంటు కత్తిరించిన మరుక్షణమే కాయిల్ వినడం మొదలుపెట్టలేదు. కాయిల్‌లో ఎగసిన సొంత వోల్టేజీ సద్దుమణిగే దాకా ఆగాలి. ఆ విరామం పది మైక్రోసెకన్లు అనుకుందాం. స్వచ్ఛమైన బంగారు పూస సిగ్నల్ అప్పటికి నాలుగో వంతు మిగులుతుంది. వెండి కలిసిన పూసది సుమారు డెబ్బయ్యో వంతు. బరువు అదే, పరిమాణం అదే, రంగులో తేడా కూడా మన కంటికి అంతగా ఆనదు. కానీ ఒకటి వినిపిస్తుంది, రెండోది వినిపించకపోవచ్చు. అందుకే ‘మా యంత్రం 0.1 గ్రాము బంగారాన్ని పట్టింది’ అనే వాక్యం సగం వాక్యమే. ఎక్కడి బంగారమో చెప్పనిదే అది పూర్తి కాదు. నగల దుకాణంలో కొన్న 24 క్యారెట్ల తునకతో పరీక్షించి, కొండవాగు బంగారం గురించి తీర్పు చెప్పడం నాకైతే తొండాటగానే తోస్తుంది.

ఈ విరామాన్ని కుదించడానికే ఇంజనీర్ల తపనంతా. అడిలైడ్‌లో 1985లో మొదలైన మైన్‌ల్యాబ్ సంస్థ, భౌతికశాస్త్రజ్ఞుడు బ్రూస్ కాండీ రూపకల్పనతో 1995లో ఎస్‌డీ 2000 యంత్రాన్ని తెచ్చింది. పొడవు వేరువేరుగా ఉండే పల్సులను కలిపి పంపి, లోతున్న పెద్ద ముక్కలనూ చిన్నవాటినీ ఒకేసారి వినే పద్ధతి దానిది. రెండో దారి పల్సులే లేకుండా నిరంతరం కంపించే క్షేత్రాన్ని వాడడం. అందులో విరామం సమస్య లేదు. పౌనఃపున్యమే అన్నిటినీ నిర్ణయిస్తుంది. రెండు మైక్రోసెకన్లలో అణిగే ముక్కను బాగా కదిలించాలంటే 80 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో కంపించాలని లెక్క చెబుతుంది. చిన్న బంగారానికి పేరుపడ్డ ఫిషర్ గోల్డ్ బగ్ 2 పనిచేసేది 71 కిలోహెర్ట్జ్ వద్ద, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 పనిచేసేది 45 వద్ద. నాణేలు వెతికే యంత్రాల్లో చాలావాటి పౌనఃపున్యం ఇందులో మూడో నాలుగో వంతే.

ఆకారం సంగతీ చూడాలి. సుడి ప్రవాహానికి తెగని దారి కావాలి. తెల్లరాతి పగుళ్ళలో దారాల్లా, పొరల్లా అల్లుకున్న బంగారం తూకానికి ఎంతో ఉండవచ్చు కానీ, దారానికీ దారానికీ సరైన తాకిడి లేకపోతే ప్రతి దారమూ వేరే ముక్కే. గ్రాముల కొద్దీ బంగారమున్న రాయి నోరు మెదపకుండా కాయిల్ కిందనుంచి పోవడం ఇందువల్లే. పలచని రేకుదీ ఇలాంటి కథే. కాయిల్‌కు ముఖం చూపిస్తే గట్టిగా పలుకుతుంది, అంచు చూపిస్తే మూగబోతుంది. కాబట్టి పరీక్షలో ముక్కను అతికించేటప్పుడు ఏ వైపు అతికించామో రాసుకోవాలి.

కాయిల్ పరిమాణం మీద వాదనలు తెగవు. చిన్న కాయిల్ చిన్న బంగారానికి మంచిదంటారు. నిజమే, కొంత లోతు వరకే. 15 సెంటీమీటర్ల వలయాన్నీ 28 సెంటీమీటర్ల వలయాన్నీ తీసుకుని, రెండింటిలో చుట్లూ కరెంటూ సమానమనుకుని లెక్క కడితే, నడిమధ్య గీత మీద సుమారు ఏడు సెంటీమీటర్ల దూరం దాకా చిన్నదానిదే పైచేయి. ఆ తరవాత పెద్దది గెలుస్తుంది. రెండింటిలోనూ దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ పడిపోయే వేగం భయంకరంగా ఉంటుంది. చిన్న కాయిల్‌తో పది సెంటీమీటర్ల దగ్గర విన్న సిగ్నల్, ఇరవై దగ్గర పాతికో వంతుకు చేరుతుంది. కాయిల్ వెడల్పుకన్నా బాగా దూరమైపోతే, దూరం రెట్టింపైనప్పుడల్లా అరవై నాలుగో వంతే మిగులుతుంది. ముక్కను బట్టి యంత్రాల మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లే వస్తోందంటే దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఆ రెండు మూడు సెంటీమీటర్ల వెనక ఎలక్ట్రానిక్స్‌లో ఎన్నో రెట్ల మెరుగుదల ఉండవచ్చు.

ఇక బల్ల మీదనుంచి నేల మీదికి దిగుదాం. దిగేముందు ఒక పాత పరీక్ష గురించి చెప్పాలి. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద వాషింగ్టన్ రైలు స్టేషన్‌లో కాల్పులు జరిగాయి. ఒక గుండు ఒంట్లో ఉండిపోయింది. అది ఎక్కడుందో డాక్టర్లకు అంతు చిక్కలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ప్రేరణ సూత్రం మీద పనిచేసే పరికరాన్ని హడావుడిగా తయారుచేశాడు. గుండును పిడికిట్లో దాచి చూశాడు. అంతర్యుద్ధంలో తగిలిన గుండ్లు ఒంట్లో మిగిలిపోయిన పాత సైనికుల మీదా ప్రయత్నించాడు. పరికరం పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం చేతులెత్తేసింది. పరుపులో ఉక్కు తీగలు ఉన్నాయి. పైగా గుండు కుడివైపే ఉందని నమ్మిన పెద్ద డాక్టరు అటువైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించాక, గుండు వెన్నెముకకు ఎడమవైపున దొరికింది. పరికరపు సున్నితత్వంలో లోపం లేదు. పరీక్షించినప్పుడు లేని పరుపు, వాడినప్పుడు వచ్చి చేరింది.

బంగారు పొలాల్లో ఆ పరుపు ఎర్రమట్టి. అందులో మాగ్నెటైట్, మాఘెమైట్ అనే ఇనుప ఆక్సైడ్లు సన్నటి రేణువులుగా ఉంటాయి. పల్స్ ఆగిపోయాక అవి తమ అయస్కాంతత్వాన్ని ఒక్కసారిగా వదలవు, నెమ్మదిగా సడలిస్తాయి. కాయిల్‌కు అదీ సిగ్నలే. పైగా గురిగింజెత్తు పూస ఇచ్చే సిగ్నల్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద సిగ్నల్. దాన్ని తీసేయడానికి యంత్రం రెండు వేరు వేరు క్షణాల్లో విని, మట్టి జవాబు సున్నా అయ్యేలా ఒకదాన్నుంచి మరోదాన్ని తగిన నిష్పత్తిలో తీసేస్తుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే ఇదే. తెలివైన ఉపాయం, కానీ దానికో మూల్యం ఉంది. అణిగే తీరులో మట్టి నిష్పత్తికి సరిపోయే బంగారు ముక్క ఏదైనా ఉంటే, అదీ మట్టితో పాటే సున్నా అయిపోతుంది. దానికన్నా చిన్న ముక్కలు ఒక రకంగా కూస్తాయి, పెద్ద ముక్కలు స్వరం తిరగబడి కూస్తాయి, నడుమనున్నది మాయం. అలాంటి గుంటను పూడ్చడానికి ఒకటికి మించిన కాలపట్టికలతో వింటారు. గాలి పరీక్షలో ఈ గుంట ఎక్కడుందో తెలియదు, ఎందుకంటే గాలికి బ్యాలెన్స్ చేయాల్సిన అవసరమే లేదు.

పశ్చిమ ఆస్ట్రేలియా ఉప్పు సరస్సుల అంచుల్లో గొడవ ఇంకో రకం. తడిసిన ఉప్పునేల తానే వాహకం. దాని సిగ్నల్ అతి త్వరగా, అంటే దాదాపు సన్న బంగారమంత త్వరగా, అణిగిపోతుంది. ఉప్పును వదిలించుకోవాలంటే కాస్త ఆలస్యంగా వినాలి. ఆలస్యంగా వింటే సన్న బంగారం పోతుంది. ఏ బటన్ నొక్కినా ఆ బేరం తప్పదు.

అందువల్ల పరీక్ష నేలలోనే జరగాలి, అదీ వెతకబోయే నేలలోనే. అక్కడా ఓ తిరకాసుంది. గొయ్యి తవ్వి ముక్కను పాతిపెడితే మట్టి గుల్లవుతుంది, ఆ గొయ్యే ఒక తప్పుడు కూత ఇవ్వవచ్చు. కదలని నేలలోకి పక్కనుంచి ఏటవాలుగా సన్నని ప్లాస్టిక్ గొట్టం దింపి, కర్రపుల్ల చివర ముక్కను అతికించి లోపలికి నెట్టడం మేలు. అది కుదరకపోతే, బంగారం పెట్టని గోతులు కూడా అన్నే తవ్వి పూడ్చాలి.

ఖాళీ గోతులు కావాల్సింది మట్టి కోసమే కాదు, మన చెవి కోసం కూడా. ముక్క ఎక్కడుందో తెలిసినవాడి చెవికి అక్కడ కూత వినిపించి తీరుతుంది. హెడ్‌ఫోన్లలో సన్నగా సాగే హోరులో ఆ చిన్న ఒడుదొడుకు నిజంగా వచ్చిందో, కోరిక కొద్దీ వచ్చిందో విన్నవాడికే తెలియదు. కాబట్టి పాతేవాడు వేరు, వెతికేవాడు వేరు కావాలి. ఏ గోతిలో పెట్టాలో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. పాతినవాడు పరీక్షవేళ అక్కడ నిలబడకూడదు. వాడి ముఖమే సగం చెప్పేస్తుంది.

మామూలుగా ఎవరూ లెక్కించనిది ఒకటుంది. బంగారమున్న పది గోతుల్లో తొమ్మిదింటిని ఒక యంత్రం పట్టిందనుకోండి. రెండోదీ తొమ్మిదే పట్టింది. రెండూ సమానమేనా? ఖాళీ గోతులు పదింటిలో మొదటిది ఒక్క చోట కూసింది, రెండోది ఆరు చోట్ల కూసింది. అప్పుడు రెండోదాన్ని సున్నితమైనదనడానికి లేదు, దానికి వాగుడెక్కువ. సున్నితత్వం మీట తిప్పితే ఏ యంత్రమైనా అలా వాగుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ తెరల మీద చుక్కలను చూసి శత్రువిమానమా కాదా అని తేల్చాల్సిన సమస్య నుంచి, 1950ల్లో సిగ్నల్ గుర్తింపు సిద్ధాంతం ఎదిగింది. సరిగా పట్టినవాటిని ఒక్కటే చూస్తే ఏమీ తెలియదనీ, లేనిచోట ఉందన్న సందర్భాలతో పోల్చి చూస్తేనే అసలు సున్నితత్వం బయటపడుతుందనీ అది చూపించింది. బంగారు వేటలో లేనిచోట కూయడం ఉచితం కాదు. ప్రతి కూతకూ వంగాలి, గునపం వేయాలి, మట్టి గాలించాలి. ఎండలో ఆ పని కొన్నిసార్లు చేసినవాడు మీటను తనంతట తానే కిందికి తిప్పేస్తాడు. కాగితం మీద ఉన్న సున్నితత్వం అక్కడే సగం కరిగిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని గెలిచిన యంత్రానికీ సీసం గుండ్ల ముందు పప్పులుడకవు. పాత బంగారు పొలాలు వేటగాళ్ళ తుపాకీ గుండ్లతో నిండి ఉంటాయి. సీసం వాహకత బంగారం కన్నా చాలా తక్కువ కనుక, 3.3 మిల్లీమీటర్ల సీసపు గుండులో సుడులు అణిగే కాలం రెండు మైక్రోసెకన్లకు కాస్త తక్కువ వస్తుంది. వెండి కలిసిన మన గురిగింజెత్తు పూసకూ దాదాపు అంతే. కాయిల్‌కు ఈ రెండూ ఒకటే. ఈ గుణాన్ని పరీక్షలకు వాడుకోవచ్చు కూడా. అసలు బంగారాన్ని పారేసుకునే భయం లేకుండా, సన్న సీసపు గుండ్లనే ప్లాస్టిక్ బిళ్ళలకు అంటించి పాతి చూడవచ్చు.

పొలంలో మాత్రం తేడా తెలుసుకోవాలంటే తవ్వాల్సిందే. కూసిన చోట మట్టిని ప్లాస్టిక్ గరిటెతో తీసి కాయిల్ మీద ఆడిస్తారు. కూత గరిటెలో ఉంటే సగం మట్టి పారబోసి మళ్ళీ ఆడిస్తారు. మిగిలిన సగం కూడా కూస్తే అందులోంచి ఇంకో సగం. చివరికి చిటికెడు మన్ను మిగిలితే దాన్ని అరచేతిలోంచి కాయిల్ మీదికి కొంచెం కొంచెంగా జల్లుతారు. బంగారం పడగానే టక్కుమంటుంది, సీసం పడినా టక్కుమంటుంది. ఇనుమైతే గునపానికి బిగించిన అయస్కాంతం ముందే లాగేసుకుంటుంది. మిగతాది కంటిపని. పసుపు రంగుదాన్ని చిన్న సీసాలో వేసుకుంటారు, బూడిద రంగుదాన్ని పెద్ద డబ్బాలో.